కుడి నుంచి ఎడమకు తిరగాల్సిన బంతి

మా అన్న నేను కొట్టిన గోల్ఫ్ బంతి తగిలి చనిపోయాడు. యుద్ధం మొదలవడానికి ముందు ఏడాది, పత్తి ఏరే రోజుల్లో. ఆ చావుకు కారణం మా వదిన అని అమ్మ నమ్మింది. అమ్మ నమ్మింది కాబట్టి ఇల్లంతా నమ్మింది. అది నిజం కాదని చెప్పగలిగినవాణ్ణి నేనే. ఏడేళ్ళు చెప్పలేదు. ఆ సంగతి రాయడానికి కూర్చున్నాను. గోల్ఫ్ గురించి చెప్పకుండా అది చెప్పడం కుదరదు.

తమిళదేశంలో, మధుర దగ్గరి రాజపాళయంలో గోల్ఫ్ ఏమిటని చదివేవాళ్ళకు అనిపించవచ్చు. మాకూ అనిపించింది. మిల్లులో కొత్త యంత్రాలు బిగించడానికి ఒక ఇంగ్లీషు ఇంజనీరు వచ్చి మూడేళ్ళు ఉన్నాడు. నేను ఆ మిల్లు ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు రాసేవాణ్ణి. ఊళ్ళో తన భాషలో నాలుగు మాటలు మాట్లాడే మనిషి కోసం ఆ దొర వెతుక్కుంటూ నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. పుస్తకాలు ఇచ్చేవాడు. చదివి తిరిగి ఇచ్చేటప్పుడు ఏం అర్థమైందని అడిగేవాడు. ఒక రోజు పుస్తకానికి బదులు ఒక కర్ర చేతికిచ్చాడు.

మిల్లు వెనక మెట్ట నేల ఉండేది. అందులో అతను అయిదు గుంటలు తవ్వించాడు. పుస్తకాల్లో రాసినట్టు పచ్చిక ఏమీ లేదు. గుంట చుట్టూ ఇసుక పోసి, యంత్రాల్లో వాడేసిన నూనె కలిపి, దిమ్మిసతో అణిచేవాళ్ళు. బంతి పెట్టడానికి తడిమట్టి ముద్ద. కొట్టిన బంతిని మేమే నడిచి వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. మద్రాసు నుంచి పార్సెల్లో వచ్చే బంతులు కాబట్టి ముళ్ళ చెట్లలో పడినా వదిలేవాళ్ళం కాదు.

నేను ఎక్కువగా చెప్పవలసింది మూడో గుంట గురించి. నిలబడి చూస్తే ఎదురుగా దూరాన సంజీవి కొండ. ఎడమ పక్కన రాళ్ళు కొట్టి వదిలేసిన గొయ్యి. గుంట ఆ గొయ్యి దాటాక ఎడమకు వంగిన నేలలో ఉంటుంది. కుడి పక్కన సత్రపట్టి ఊరికి పోయే బాట. నేరుగా కొడితే బంతి గుంటకు చాలా దూరంలో ఆగుతుంది. ఎడమకు కొడితే గోతిలోకి పోతుంది. అందుకని కుడివైపు, బాట మీదికి వెళ్ళేలా కొట్టాలి. సగం దూరం పోయాక అది తనంతట తాను ఎడమకు తిరిగి గుంట దగ్గరికి రావాలి. దీన్ని డ్రా అంటారని దొర చెప్పాడు. డ్రైవర్ అనే అన్నిటికంటే పొడుగు కర్రతో అది కొట్టడం కష్టమని కూడా చెప్పాడు.

చేయవలసినవి అతను ఒక కాగితం మీద రాసిచ్చాడు. కుడికాలు కొంచెం వెనక్కి. భుజాలు గుంటకు కుడిగా. కర్ర ముఖం మాత్రం గుంట వైపు. ఎత్తేటప్పుడు నడుము పైభాగమంతా తిరిగి వీపు గుంటకు కనబడాలి. దించేటప్పుడు కర్ర ఒంటి దగ్గరి నుంచి బయటికి పోవాలి, ముంజేతులు ఒకదాని మీద ఒకటి దొర్లాలి. కాగితం నాకు కంఠతా వచ్చింది. బంతి మాత్రం ప్రతిసారీ కుడికి పోయి ఇంకా కుడికి తిరిగేది. అయిదారు నెలలు అంతే. ఉదయం ఆఫీసుకు ముందు గంటసేపు ఒక్కణ్ణే వెళ్ళి కొట్టేవాణ్ణి. దాని మీద నాకెందుకంత పట్టుదల వచ్చిందో ఇప్పుడు గుర్తు చేసుకోలేను. చదివింది చేతికి రాకపోవడం నాకు అలవాటు లేదు. అంతే అయ్యుండాలి.

దొర ఇంకొకటి కూడా నేర్పాడు. బంతి ఏ మనిషి వైపు పోతున్నా వెంటనే "ఫోర్" అని గొంతెత్తి అరవాలి. అవతలివాడు దొరయినా కూలీ అయినా అరవాలి. అది ఈ ఆటలో మొదటి మర్యాద అన్నాడు.

మా అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. పొలాలు చూసుకునేవాడు. చదువు తక్కువ. సిలంబం, అంటే కర్రసాములో, కర్ర పట్టుకుంటే చుట్టుపక్కల ఊళ్ళలో అతనికి ఎదురు నిలిచేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. నాకు కర్ర నేర్పింది కూడా అన్నే. ఒక రోజు పొలం నుంచి వస్తూ నన్ను చూసి బాట దిగి వచ్చాడు.

"ఏందిరా అది చేతిలో?"

"డ్రైవర్."

"డ్రైవరా? తళవాయిపురం బస్సుకు ఒగడు ఉండాడే, వాడేనా? ఇంత సన్నగా అయిపోయినాడే పావం."

"నవ్వొద్దన్నా."

"నవ్వలేదు. కొట్టు, చూస్తా."

కొట్టాను. బంతి కుడికి పోయి బాట దాటింది.

"దానికి సత్రపట్టిలో ఏమన్నా పని ఉండాదా? అటే పోతా ఉండాదే."

ఇంకా పది కొట్టాను. ఆ పదీ అటే పోయాయి. అన్న మొదట నవ్వాడు, తర్వాత గొంతుకూర్చుని నా కాళ్ళు చూడటం మొదలుపెట్టాడు. చివరికి లేచి మట్టి దులుపుకున్నాడు.

"నీ తప్పు ఏదో తెలిసిపోయినాది."

"నీకు గోల్ఫ్ ఏం తెలుసన్నా?"

"గోల్ఫ్ తెలీదు. నిన్ను తెలుసు. సిలంబంలో ఎదిరికి వీపు చూపించరాదు అని నేనే కదా నీకు కొట్టి నేర్పినాను. అదే చేస్తా ఉండావు. ఆ కొండకు వీపు చూపను అంటా ఉండావు. కొండ ఏమన్నా కర్ర పట్టుకొని నిలిచినాదా?"

నా వెనక నిలబడి రెండు భుజాలూ పట్టుకుని తిప్పాడు.

"తిప్పు. ఇంకా తిప్పు. నీ వీపంతా చూడనీ అది. సిగ్గు పడొద్దు, నీకు పెండ్లి చూపులు కాదు ఇది."

ఆ రోజు మొదటిసారి బంతి కుడికి బయలుదేరి, కొంచెమే అయినా, ఎడమకు తిరిగింది. మర్నాడు దొరకు చెబితే చాలాసేపు నవ్వాడు. తాను ఆరు నెలలు చూస్తూ కనిపెట్టలేనిది మీ అన్న ఒక్క పూటలో కనిపెట్టాడే, అతన్ని ఆటకు తీసుకురా అన్నాడు. అన్న రాలేదు. "తెల్లోడి గుంటలు తెల్లోడికే ఉండనీ. నాకు పొలంలో ఎలకలు తవ్వినవి చాలు" అన్నాడు.

ఆ తర్వాత రెండు వారాల్లో పదింటిలో మూడు నాలుగు తిరగడం మొదలైంది. తిరుగుతుందన్న నమ్మకంతో బాట మీదికి కొట్టడం అలవాటైంది. కొట్టే ముందు బాట చూసుకునేవాణ్ణి. అది మాత్రం ఎప్పుడూ మానలేదు.

ఆ ఉదయం అన్న సత్రపట్టికి ఎద్దుల జత చూడటానికి బయలుదేరాడు. నేను తిన్నె మీద కూర్చుని సైకిల్ చైనుకు నూనె వేస్తున్నాను. అన్న నాలుగడుగులు వేశాడో లేదో వదిన లోపలి నుంచి వచ్చింది.

"ఇదో! తుండు ఇక్కడే ఉండాది!"

అన్న ఆగాడు. అంతలో అమ్మ వచ్చింది.

"ఏమే, బయలుదేరినోణ్ణి వెనక పిలుస్తావా? ఎన్ని తడవలు చెప్పేది నీకు? ఇదంతా మీ అమ్మ నేర్పలేదా?"

"మరిచిపోయినాను అత్తా."

"మరుస్తావు. నీకేమి?"

వదిన పరాయి పిల్ల కాదు. అమ్మ సొంత అన్న కూతురు. అమ్మ అడిగి చేసుకున్న కోడలు. అయినా ఇలాంటి విషయాల్లో అమ్మకు అన్న కూతురూ లేదు, ఎవరూ లేరు. అన్న వెనక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అపశకునం పోవడానికి కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళాలి.

"అమ్మా, ఎద్దులు చూసేదానికి పోతా ఉండాను, కర్ర పట్టుకొని సండకు కాదు. సరి, నీళ్ళు ఇయ్యి. దానికి తిట్లు, నాకు నీళ్ళు. మంచి న్యాయమే."

తాగాడు. తుండు భుజాన వేసుకున్నాడు. వెళ్ళాడు. దారిలో ఎవరి ఇంట్లోనో ఆగాడేమో, నేను సైకిల్ మీద ముందే మైదానం చేరాను. బాట మీద నాకు కనబడలేదు.

మూడో గుంట దగ్గర మూడు బంతులు కొట్టాను. మూడూ తిరిగాయి. అంతకు ముందు ఎప్పుడూ వరసగా మూడు తిరగలేదు. నాలుగోది మట్టి ముద్ద మీద పెట్టి బాట చూశాను. ఖాళీగా ఉంది. బాట పక్కన ఒకచోట ఎండిన పత్తి కట్టె కుప్పగా వేసి ఉంది. ఆ కుప్ప వెనక మనిషి ఉంటే కనబడడు. నాకు ఆ ఆలోచన రాలేదు. కొట్టాను.

బంతి కుడికి, తక్కువ ఎత్తులో, చాలా వేగంగా పోయింది. తిరగాల్సిన చోట తిరగలేదు. అదే సమయంలో కుప్ప అవతలి నుంచి అన్న బాట మీదికి వచ్చాడు. వీపు నా వైపు ఉంది. తుండు భుజం మీద ఉంది. నూరు గజాల దూరం.

నేను చూశాను. నోరు తెరిచాను. అరవలేదు. ఎందుకు అరవలేదో ఇన్నేళ్ళలో నాకు నేను చాలా రకాలుగా చెప్పుకున్నాను. జరిగింది ఇది. నోరు తెరవగానే చెవిలో అమ్మ గొంతు వినిపించింది, వెనక పిలుస్తావా అని. పొద్దున విన్న గొంతే. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదని పుట్టినప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు. నోరు మూసుకుపోయింది. ఆలోచించి మూసుకున్నది కాదు. ఒక్క క్షణం. మళ్ళీ తెరిచేసరికి అయిపోయింది. కర్ర చప్పుడుకు అన్న తల ఇటు తిప్పుతున్నాడు. బంతి ఎడమ కణత మీద తగిలింది.

అరిచి ఉంటే వంగేవాడా? పూర్తిగా తిరిగి ముఖం మీద తగిలించుకునేవాడా? తెలియదు. సిలంబంలో వెనక అలికిడి వింటే ముందు వంగుతారు, తర్వాత చూస్తారు. అన్న నాకు నేర్పింది అదే.

పడలేదు. ఒక మోకాలి మీద కూర్చుని లేచాడు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి కణత పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఏమిరా, నాలుగో గుంట నేనేనా?"

నేను ఏడుస్తున్నాను.

"ఏడవొద్దురా. మా గురువు కొట్టిన దెబ్బల్లో సగం లేదు ఇది. దా, ఇంటికి పోదాము. ఎద్దులు ఎక్కడికీ పోవు."

నడిచే ఇంటికి వచ్చాడు. సైకిల్ నెట్టుకుంటూ పక్కన నేను. వదిన పసుపు, సున్నం కలిపి పట్టు వేసింది. అమ్మ దేవుడి గదిలోకి వెళ్ళింది. అన్న మజ్జిగ అన్నం తిన్నాడు. కొంచెం తలనొప్పిగా ఉంది, పడుకుంటాను, నువ్వు ఆఫీసుకు పో అన్నాడు. నేను వెళ్ళాను. వెళ్ళి రెండు ఉత్తరాలు రాశాను. అవి దేని గురించో కూడా గుర్తుంది, ఇక్కడ రాయను.

సాయంత్రం వచ్చేసరికి రెండుసార్లు వాంతి అయింది. మాట ముద్దగా వస్తోంది. దీపాలు పెట్టే వేళకు మమ్మల్ని గుర్తుపట్టలేదు. డాక్టరు వచ్చి కళ్ళలో టార్చి వేసి చూశాడు. పుర్రె లోపల నెత్తురు కారుతోందని, మధురకు కదిలిస్తే దారిలోనే పోతాడని చెప్పాడు. మర్నాడు పొద్దెక్కాక అన్న పోయాడు. ముప్పై రెండేళ్ళు. పిల్లలు లేరు.

మునసబు వచ్చి దొరను, నన్ను అడిగి రాసుకుని వెళ్ళాడు. ప్రమాదం అని రాశాడు. బంతి కొట్టానని చెప్పాను. అన్నను చూశావా అని ఎవరూ అడగలేదు. అడగకపోతే చెప్పనక్కర్లేదని నేను అనుకున్నాను.

పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళ మధ్య కూర్చుని అమ్మ అన్న మాట నాకు గోడ ఇవతల వినిపించింది. "పిలిచినాది. బయలుదేరినోణ్ణి వెనక పిలిచినాది. నీళ్ళు తాగించి పంపినాను, అయినా తీరలేదు." ఒక ముసలామె "బంతి కొట్టినోడిని ఏమనేది? బంతికి కన్ను ఉండాదా?" అంది. అందరూ అవునన్నారు. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ళూ నా భుజం తట్టి వెళ్ళారు. వదిన దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు.

అన్న పోయింది వదిన పిలిచినందుకు కాదు, నేను పిలవనందుకు. ఈ మాట అమ్మతో అనడానికి చాలాసార్లు సిద్ధపడ్డాను. అంటే, మిగిలిన ఒక్క కొడుకూ అమ్మకు పోయినట్టే అనుకున్నాను. నా నోరు మూయించింది అమ్మ మాటే కాబట్టి, అది చెప్పడం అమ్మ మీద నేరం మోపడం అవుతుందనీ అనుకున్నాను. రెండూ సాకులే. భుజం తట్టించుకోవడం నాకు సుఖంగా ఉంది.

ఏడేళ్ళు వదిన ఆ ఇంట్లోనే ఉంది. అమ్మ ఆమె చేతి నీళ్ళు తాగలేదు. మగవాళ్ళు బయటికి వెళ్ళే వేళకు ఆమె వెనక గదిలో ఉండాలి. పెళ్ళిళ్ళకు రాకూడదు. ఇవి అమ్మ పెట్టినవి. వదిన తనంతట తాను ఇంకొకటి పెట్టుకుంది. ఆమె ఎవరినీ పిలవడం మానేసింది. పెరట్లో ఉన్న మనిషితో పని ఉంటే చుట్టూ తిరిగి వెళ్ళి ఎదురుగా నిలబడేది. ఒకసారి పొయ్యి మీది పాలు పొంగుతుంటే, పనామెను పిలవకుండా ఇల్లంతా దాటి వెళ్ళి ఆమె ముందు నిలబడింది. పాలు పోయాయి. దానికీ అమ్మ తిట్టింది.

ఇంకొకటి రాయాలి. రాయడానికి సిగ్గుగా ఉంది. అన్న పోయిన మూడు నెలలకు నేను డ్రైవర్ తీసుకుని మూడో గుంట దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. బాట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూసి వచ్చి కొట్టాను. బంతి కుడికి వెళ్ళి, తిరగాల్సిన చోట తిరిగి, గొయ్యి దాటి గుంట దగ్గర పడింది. పదిహేను కొట్టాను. పన్నెండు తిరిగాయి. కాగితంలో రాసినట్టే, అన్న తిప్పి చూపినట్టే. నాకు సంతోషం కలిగింది. అది సంతోషమేనని ఇంటికి వెళ్ళే దారిలో గుర్తించాను. మర్నాడు కర్ర దొరకు ఇచ్చేశాను. అతను యుద్ధం మొదలయ్యాక సైన్యంలో చేరడానికి వెళ్ళిపోయాడు. తిండి గింజలకు కరువైన రోజుల్లో మైదానం దున్ని జొన్న వేశారు.

యుద్ధం ముగిసిన ఏడాది అమ్మ పోయింది. కర్మలు అయ్యాక వదిన మంసాపురంలో తన అన్న ఇంటికి వెళ్ళింది. నెల తర్వాత నేను అక్కడికి వెళ్ళాను. వదిన పంచలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఏమయ్యా, ఇంత ఎండలో వచ్చినావు. మజ్జిగ తాగుతావా?"

"వదినా, ఒక మాట చెప్పాల."

చెప్పాను. చూశానని, నోరు తెరిచానని, పిలవలేదని, ఎందుకు పిలవలేదో. ఆమె చేతులు ఆగలేదు.

"తెలుసు" అంది.

"ఎట్ల?"

"ఆయనే చెప్పినాడు. నువ్వు ఆఫీసుకు పోయినాక, ఆ మధ్యాన్నం మల్లా పట్టు వేస్తా ఉంటే. తల తిప్పేటపుడు నిన్ను చూసినాడంట. 'వాడు నోరు తెరిచినాడు, మల్లా మూసినాడు. పొద్దున అమ్మ అరిచినాది కదా, దానికి పిలిచేదానికి భయపడినాడు పావం. రేపు వాణ్ణి ఏడిపిస్తా చూడు' అని నవ్వినాడు."

ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వు అమ్మతో ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే ఎవురు నమ్ముతారు? మొగుణ్ణి తినేసి ఇపుడు మరిది మీద తోస్తా ఉండాది అంటారు. నువ్వు చెప్తావని చూసినాను. తొలి ఏడాది అంతా దినమూ చూసినాను. మల్లా చూసేది విడిచిపెట్టినాను."

"అమ్మ ఉండేటపుడు నోరు రాలేదు వదినా."

"ఔ. ఇపుడు వచ్చినాది." గింజలు పక్కకు నెట్టింది. "లోపల మా అన్న ఉండాడు, వదిన ఉండాది. వచ్చే నెల వాళ్ళ కూతురు పెండ్లి. నన్ను పందిట్లోకి రావద్దని నిన్న చెప్పినారు. పోయి వాళ్ళకు చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు."

వెళ్ళాను. వదిన అన్న నాకు బావ అవుతాడు; బావ, అతని భార్య కూర్చుని విన్నారు. ఒక్క ముక్క దాచలేదు. అన్న వదినతో చెప్పిన మాట కూడా చెప్పాను. నేను ముగించేసరికి బావ భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. బావ లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బావా, నీ మనసు ఎట్లాంటిదో నాకు ఇపుడు తెలిసినాది. మా చెల్లెలి కోసము ఇంత నింద నీ నెత్తిన వేసుకుంటా ఉండావే."

"కాదు బావా. నిజంగానే చూసినాను."

"సరి సరి. నిజమైతే ఆ దినమే చెప్పింటావు కదా. ఏడేండ్లు లేని మాట, పెండ్లి పెట్టుకునే వేళకు ఎట్ల వస్తాది? నాకు తెలీదా? అది అడిగింటాది, నువ్వు వచ్చింటావు."

"ఆమె అడగలేదు. నేనే వచ్చినాను."

"చూడే, ఇపుడు కూడా దాని మీద మాట పడనియ్యడు" అన్నాడు భార్యతో. ఆమె నాకు కాఫీ తెచ్చింది.

ఆ రోజే ఎందుకు చెప్పలేదన్నదానికి నా దగ్గర వాళ్ళు నమ్మే జవాబు లేదు. ఉన్న జవాబు చెప్పాను, భయపడ్డానని. బావ తల ఊపి, భయపడేవాడు ఇలా వచ్చి చెప్పడని అన్నాడు. వాకిట్లో వదిన నిలబడి వింటోంది. నేను తలెత్తేసరికి అక్కడ లేదు. బయటికి వస్తే మళ్ళీ చింతపండు ముందు కూర్చుని ఉంది. నేను చెప్పులు వేసుకుంటుంటే నా వైపు చూడలేదు. 

ఆ పెళ్ళికి వెళ్ళాను. పందిట్లో బావ నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి, వియ్యాలవారికి చూపించి, వదిన మీది నింద పోవాలని తన మీద వేసుకున్న మనిషి అని చెప్పాడు. వాళ్ళు లేచి దండం పెట్టారు. వదిన పెరట్లో వంటవాళ్ళ దగ్గర కూరగాయలు తరుగుతోంది.